‘సీజ్ ద షిప్’ వెనకున్న ఉద్యోగం

2024 నవంబరు 29న కాకినాడ పోర్టులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అన్న ‘సీజ్ ద షిప్’ అనే మాట క్షణాల్లో రీల్స్‌లోకి ఎక్కేసింది. రేషన్ బియ్యం ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయన్నది ఆరోపణ. మీమ్స్ చూసి అందరం నవ్వుకున్నాం. కానీ అసలు ఓడను ఆపే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మన టైమ్‌లైన్లలో పెద్దగా కనపడలేదు. జవాబు 1962 నాటి కస్టమ్స్ చట్టంలో ఉంది. ఎగుమతి సరకు ఎక్కించుకున్న ఓడ, కస్టమ్స్ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా రేవు వదలకూడదని 42వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టం ‘సరకు’ అనే మాటకిచ్చిన నిర్వచనంలో ఓడ కూడా ఉంది.

అశోక్‌నగర్ లైబ్రరీల్లో ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదివేవాళ్లను కస్టమ్స్ అంటే ఏంటని అడిగి చూడండి. తెల్ల యూనిఫాం, శంషాబాద్ ఎయిర్‌పోర్టు, సూట్‌కేసులో బంగారం. ఎక్కువమంది మనసులో ఉన్న బొమ్మ ఇదే. ప్రిఫరెన్స్ లిస్టు కూడా దీన్ని బట్టే నింపుతారు. ఈ బొమ్మ పూర్తిగా తప్పని అనను. కానీ మిగతా తొంభై పాళ్ల పని అందులో లేదు. ఆ మిగతా పని తెలియకపోవడం వల్ల మనవాళ్లు ఉద్యోగం ఎంచుకోవడంలో నష్టపోతున్నారు. కొందరు ఏకంగా కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

సూటిగా చెప్పాలంటే కస్టమ్స్ పని ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ‘ఇంతకీ ఈ వస్తువేంటి?’ ప్రపంచంలో కొనుగోలు, అమ్మకం జరిగే ప్రతి వస్తువుకూ ఒక కోడ్ ఉంటుంది. మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే. మన దేశం ఇంకో రెండు కలిపి ఎనిమిది చేసుకుంది. సుంకం ఎంత, నిషేధం ఉందా, లైసెన్సు కావాలా అన్నవన్నీ ఆ కోడ్ మీదే ఆధారపడతాయి.

బియ్యాన్నే తీసుకోండి. ఉప్పుడు బియ్యానికి ఒక కోడ్, తెల్ల బియ్యానికి ఇంకో కోడ్. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. అంటే ఆ రోజుల్లో తెల్ల బియ్యాన్ని కాగితం మీద ఉప్పుడు బియ్యమని రాస్తే చాలు, నిషేధాన్ని దాటేయొచ్చు. దాన్ని పట్టుకోవాలంటే తుపాకీ అక్కర్లేదు. గింజ చూసి గుర్తుపట్టే కన్ను, అనుమానమొస్తే శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపే ఓపిక ఉండాలి. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ నిషేధం, ఆ సుంకం రెండూ పోయాయి. కాబట్టి కాకినాడ గొడవ నాటికి బియ్యం ఎగుమతి మామూలు వ్యాపారమే. మిగిలిన ప్రశ్న ఒక్కటే: అవి రేషన్ బియ్యమా, బజారు బియ్యమా? ఆ సంగతి కోడ్‌లో ఉండదు. గోనె సంచి మార్చేస్తే బయటికీ కనపడదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న సరకులో తప్పు వెతకడం ఎంత కష్టమో, ఏ శాఖ పని ఎక్కడ ఆగి ఏ శాఖ పని ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో ఉదాహరణ. 2024 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ భారత విభాగానికి కస్టమ్స్ సుమారు 140 కోట్ల డాలర్ల పన్ను నోటీసు ఇచ్చింది. విడగొట్టిన పూర్తి కారుగా దిగుమతి చేసుకుంటే సుంకం 30-35 శాతం. విడిభాగాలుగా అయితే 5-15 శాతం. దాదాపు మొత్తం కారునే వేర్వేరు షిప్‌మెంట్లలో భాగాలుగా తెప్పించి తక్కువ కట్టారన్నది శాఖ వాదన. కంపెనీ దాన్ని ఒప్పుకోకుండా బాంబే హైకోర్టుకెళ్లింది. ఎవరు రైటో కోర్టు చూసుకుంటుంది. మనం గమనించాల్సింది ప్రశ్నని: ఎన్ని భాగాలు కలిస్తే కారు అవుతుంది? ఇది న్యాయశాస్త్రం ఎంతో మెకానికల్ ఇంజినీరింగ్ కూడా అంతే. బీటెక్ చేసి గవర్నమెంట్ జాబ్‌కి వెళ్తే చదివిందంతా వేస్ట్ అనేవాళ్లకి నా జవాబు ఇదే.

ఇక సరిహద్దు రక్షణ సంగతి. రోజూ వచ్చే ప్రతి కంటెయినర్‌నూ విప్పి చూడటం ఏ దేశానికీ కుదరదు. చూస్తూ కూర్చుంటే వ్యాపారం ఆగిపోతుంది, రేవులో సరకుకి రోజువారీ అద్దె పెరుగుతుంది. భీమవరం రొయ్యల కంటెయినర్ ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే 2005 నుంచి మన కస్టమ్స్ రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వాడుతోంది. ఎవరు పంపారు, ఎక్కడి నుంచి, ఇంతకుముందు రికార్డేంటి వంటి డేటా చూసి ఏ కంటెయినర్ ఆపాలో, ఏది వదలాలో అదే సూచిస్తుంది. 2020 అక్టోబరు చివరికి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ కూడా దేశమంతా వచ్చేసింది. విశాఖలో దిగిన సరకు కాగితాలను వేరే ఊళ్లో కూర్చున్న అధికారి చూడొచ్చు. పరిచయాలు, పైరవీలు తగ్గడానికి ఇది మంచి మార్గమే. కానీ నా అభిప్రాయంలో దీనికో షరతుంది. స్క్రీన్ మీద వివరణ చదివి నిర్ణయం తీసుకునే అధికారికి ఆ వస్తువు గురించి నిజంగా తెలిసుండాలి. రిక్రూట్‌మెంట్ పరీక్ష మాత్రం ఇప్పటికీ పర్సంటేజీలు, సిననిమ్స్ చుట్టూనే తిరుగుతోంది.

ఆ డేటాలో మన పేరు కూడా ఉండొచ్చని ఎవరూ అనుకోరు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్‌ఐ 2,988 కిలోల హెరాయిన్ పట్టుకుంది. అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్ మీదుగా, టాల్క్ రాయి పేరుతో వచ్చింది. దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా మాత్రం మన విజయవాడది! దిగుమతులకు కావాల్సిన ఐఈసీ నంబరు తీసుకోవడం చాలా తేలిక. డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయల ఫీజు, పాన్, బ్యాంకు ఖాతా ఉంటే సరిపోతుంది. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు అది వరం. ‘నీ పేరు మీద ఐఈసీ తీసివ్వు, కంటెయినర్‌కి ఇంత కమీషన్ ఇస్తా’ అనేవాడికీ వరమే. ఖాళీగా ఉన్న డిగ్రీ కుర్రాడికి అది తేలిక డబ్బులా కనిపిస్తుంది. సరకులో ఏముందో నాకు తెలియదంటే సరిపోదు. కాగితం మీద దిగుమతిదారు నువ్వే కాబట్టి ముందుగా తలుపు కొట్టేది నీ ఇంటిదే. హెరాయిన్ విషయంలో 250 గ్రాములు దాటితేనే కనీస శిక్ష పదేళ్లు.

గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు ‘ఈ చిన్న ప్యాకెట్ హైదరాబాద్‌లో మావాడికి ఇచ్చెయ్, టికెట్ ఖర్చు మాది’ అనే మాటా అలాంటిదే. పట్టుబడ్డ బంగారం దొంగ సరకు కాదని నిరూపించుకోవాల్సిన భారం 123వ సెక్షన్ ప్రకారం మన మీదే ఉంటుంది. సరకు విలువ కోటి రూపాయలు దాటితే జైలు ఏడేళ్ల దాకా ఉండొచ్చు. ఇచ్చినవాడు ఫోన్ స్విచాఫ్ చేస్తాడు.

‘మీ పేరు మీద పార్సిల్ వచ్చింది, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం’ అనే ఫోన్లు వేరే రకం. 2019 నవంబరు నుంచి ఈ శాఖ పంపే సమన్లు, లేఖలు, నోటీసుల మీద డిన్ అనే ఒక గుర్తింపు సంఖ్య ఉంటోంది. సీబీఐసీ వెబ్‌సైట్‌లో అది కొట్టి నిజమో కాదో చూసుకోవచ్చు. అడిగితే అవతలివాడు తడబడతాడు.

ఉద్యోగం సంగతికొద్దాం. సీజీఎల్‌లో ప్రివెంటివ్ ఆఫీసర్, ఎగ్జామినర్ రెండూ ఇన్‌స్పెక్టర్ హోదా, రెండింటికీ లెవెల్ 7, మూల వేతనం 44,900 దగ్గర మొదలు. కోచింగ్ సెంటర్లు రెండింటినీ ఒకే గాటన కడతాయి. పని మాత్రం వేరు. మొదటివాళ్లు ఎయిర్‌పోర్టు, గస్తీ, స్మగ్లింగ్ నిరోధం చూస్తారు. రెండోవాళ్లు సరకు తెరిచి, వివరణతో పోల్చి చూస్తారు. ఎగ్జామినర్ పోస్టులు ఎక్కువగా ముంబయి, చెన్నై, కోల్‌కతా లాంటి పెద్ద రేవుల్లో ఉంటాయి కాబట్టి ఊరికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్లు ఆలోచించుకోండి. రెండింటికీ శారీరక ప్రమాణాలున్నాయి. మగవాళ్లు 1,600 మీటర్లు 15 నిమిషాల్లో నడవాలి, 8 కిలోమీటర్లు 30 నిమిషాల్లో సైకిల్ తొక్కాలి. సివిల్స్ ద్వారా ఐఆర్‌ఎస్‌కి ఎంపికైనవాళ్ల శిక్షణ సంస్థ నాసిన్ క్యాంపస్ ఇప్పుడు మన శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ఉంది. 2024 జనవరి 16న ప్రారంభమైంది.

ఇదే నాసిన్ కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష కూడా పెడుతుంది. మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఎగుమతిదారుల తరఫున కాగితాలు దాఖలు చేసి సరకు విడిపించే లైసెన్సు అది. డిగ్రీతో పాటు ఎంబీఏ, సీఏ, ఎల్‌ఎల్‌బీ లాంటిది ఉన్నా రాయొచ్చు, లేదంటే ఒక బ్రోకర్ దగ్గర జీ కార్డు హోల్డర్‌గా రెండేళ్లు చేసినా రాయొచ్చు. విశాఖ, కృష్ణపట్నం లాంటి రేవులున్న రాష్ట్రంలో ఇది ఇంత మరుగున ఉండటం నాకైతే వింతగానే ఉంది.

ప్రిఫరెన్స్‌లు పెట్టేముందు ఓ పని చేయండి. సీబీఐసీ సైట్‌లో కస్టమ్స్ టారిఫ్ తెరిచి, మీ చేతిలో ఉన్న ఫోన్ ఛార్జర్ ఏ కోడ్ కిందికొస్తుందో వెతకండి. 85వ అధ్యాయంతో మొదలుపెట్టండి. తర్వాత దాని కేబుల్ విడిగా వస్తే ఏ కోడో చూడండి, రెండూ ఒకే డబ్బాలో వస్తే ఏమవుతుందో చూడండి. గంట గడిచినా విసుగు పుట్టకపోతే ఎగ్జామినర్‌ని పైన పెట్టుకోండి.