క్షణం... ఒక్క క్షణం!

మొన్న పండక్కి కేరమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి వెళ్ళాం. దర్శనం అయింది, ప్రసాదం తీసుకున్నాం. కారు దగ్గర ఆఫీసు ఫోనొస్తే మాట్లాడి, వెనక్కి తిరిగి చూద్దును కదా, మా ఆరేళ్ళవాడు లేడు! నా దగ్గరున్నాడని మా ఆవిడ, ఆవిడ దగ్గరున్నాడని నేను. పది నిమిషాల తర్వాత ఎవరో బామ్మగారి పక్కన పులిహోర తింటూ దొరికాడు. తప్పు నాదే. కానీ ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఆ రాత్రి నిద్రపట్టక మళ్ళీ చూసిన సినిమా ‘క్షణం’. 2016లో వచ్చింది. దర్శకుడు రవికాంత్ పేరేపు. హీరో అడివి శేష్, కథ కూడా ఆయనదే. అమెరికాలో ఉంటున్న రిషికి, ఎప్పుడో విడిపోయిన శ్వేత ఫోన్ చేస్తుంది. కూతురు రియా కనపడటం లేదు, సాయం చెయ్యమంటుంది. తీరా అతను వచ్చాక, ఎవర్నడిగినా ‘అసలావిడకి పాపే లేదు’ అంటారు! పాప ఎక్కడుందన్న ప్రశ్న కాస్తా, పాప ఉందా అన్న ప్రశ్నగా మారిపోతుంది. మిగతాది నేను చెప్పను, మీరే చూడండి. పిల్లలు పడుకున్నాకే సుమా! ఇదే కథ 2018లో హిందీలో ‘బాగీ 2’ అయింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఈ జబ్బుంది. యూజర్ తప్పు ఉందంటే, ‘మా లాగ్‌లో లేదు, కాబట్టి లేదు’ అంటాం.

తల్లి మాట నమ్మకపోతే ఏమవుతుందో ఈ దేశానికి బాగా తెలుసు. 1980 ఆగస్టులో ఉలూరు దగ్గర టెంట్‌లోంచి తొమ్మిది వారాల అజారియా చాంబర్లేన్ మాయమైంది. డింగో ఎత్తుకుపోయిందని తల్లి లిండీ ఎంత మొత్తుకున్నా వినలేదు. 1982లో యావజ్జీవ శిక్ష వేశారు. 1986లో పాప జాకెట్ దొరికాక వదిలారు, 1988లో శిక్ష రద్దు చేశారు. డింగోయే కారణమని కరోనర్ చివరిగా తేల్చేసరికి 2012 వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు! మెరిల్ స్ట్రీప్ నటించిన ‘ఈవిల్ ఏంజెల్స్’ ఈ కథే.

అమ్మానాన్నలూ, పిల్లలు కనపడకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలన్నది ఉత్త అపోహ. వెంటనే 000కి ఫోన్ చెయ్యండి. పిల్లలూ, తప్పిపోతే అటూ ఇటూ పరుగెత్తకండి. ఉన్నచోటే ఉండి, పక్కన పిల్లలతో ఉన్న ఆంటీ ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మ నంబరు, నాన్న నంబరు నోటికి రావాలి.

మావాడికి నా నంబరు కంఠతా వచ్చేసింది. వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు ఫోనెత్తకుండా ఉండటం నేనింకా నేర్చుకుంటున్నాను.