జబ్బుకి సాక్ష్యం కావాలిట!

జబ్బు పడటం తేలికే. ఆ జబ్బు నిజమేనని ఆఫీసువాళ్ళకి కాగితం మీద ఋజువు చెయ్యడమే కష్టం.

ఇంటాయనకి టైఫాయిడ్ వచ్చిందనుకోండి. జ్వరం ఆయనది, తిరుగుడు ఇల్లాలిది. ఇటు గంజి కాచాలి, పిల్లల్ని బడికి పంపాలి. అటు ఆస్పత్రిలో డాక్టరుగారి సంతకం కావాలి, దాని కింద ముద్ర పడాలి. సంతకం దొరికిన రోజున ముద్ర వేసే గుమాస్తా ఉండడు. అదే జబ్బు ఉద్యోగం చేసే ఆడదానికొస్తే జ్వరమూ ఆవిడదే, తిరుగుడూ ఆవిడదే. ఈలోగా ఆఫీసు నుంచి మెమో దిగుతుంది. సర్టిఫికెట్టు ఇంతవరకు అందలేదు గనక క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమంటుంది. ఒంట్లో ఎలా ఉందన్న మాట మాత్రం అందులో భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు.

కాగితం అడగడమే తప్పని నేననను. ఒకరు రాకపోతే ఆ పని పక్కవాళ్ళ నెత్తిన పడుతుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కోసం 1972లో చేసిన సెలవు నిబంధనల్లో జబ్బు సెలవుకొక సర్టిఫికెట్టు, తిరిగి చేరేటప్పుడు ఒళ్ళు బాగుపడిందని మరొకటి అడిగారు. అనుమానముంటే ఇంకో డాక్టరు చేత చూపించే వీలూ పెట్టారు. సబబే. నా తగువల్లా, కాగితం రాలేదు గనక మనిషి దొంగేనని తేల్చేసే బుద్ధితోనే.

అసలు దొంగజబ్బు వాళ్ళ కాగితాలు ఎప్పుడైనా ఆలస్యమయ్యాయా? బావమరిది పెళ్ళికి వెళ్ళే పెద్దమనిషి సెలవుచీటీతో పాటే సర్టిఫికెట్టూ గుచ్చి ఇస్తాడు. నిజంగా మంచాన పడ్డవాడి దగ్గర మందుసీసాలు తప్ప మరేముంటాయి?

ఇంకో సంగతి. ఇ.ఎస్.ఐ. పథకంలో ఉన్న కార్మికుడికి జబ్బు రోజుల్లో జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు డబ్బిచ్చే ఏర్పాటుంది. దానికీ ఆధారం డాక్టరు సర్టిఫికెట్టే. ఆ కాగితం రాకపోతే ముందు మాడేది వాడి కడుపే. తన నోటి దగ్గర కూడు తనే తోసుకోవాలని ఎవడు ఆలస్యం చేస్తాడు చెప్పండి?

ఈ మాట కోర్టులూ అన్నాయి. ఎనిమిది రోజులు మించి చెప్పకుండా మానేస్తే ఉద్యోగం ఊడినట్టేనని ఒక ఫ్యాక్టరీ నిబంధన పెట్టుకుంది. ఉంటే ఉండనీ, మనిషి సంజాయిషీ వినకుండా, విచారణ చెయ్యకుండా తీసెయ్యడం చెల్లదని 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాకపోవడం కావాలని చేసిందా, గత్యంతరం లేక జరిగిందా అన్నది తేల్చకుండా దాన్ని నేరంగా ఎంచకూడదని 2012లో మరో కేసులో చెప్పింది.

ఇప్పుడు మీలోనూ హెడ్మిస్ట్రెస్సులున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. మగ అధికారి మెమోకి మన పేరు పెట్టుకోవడానికా మనం ఆ కుర్చీ ఎక్కింది? కాగితం రాలేదా, ముందు కబురు పెట్టండి. అది మీ ఆఫీసులోనే ఏ ఫైలు కిందో నిద్రపోతోందేమో చూడండి. లేదంటే, ఏ కాగితం కావాలో, ఎవరు సంతకం పెట్టాలో, ఎప్పటిలోగా అందాలో విడమరిచి ఇంటికి ఉత్తరం రాయండి. డాక్టరు ఊళ్ళో లేడంటే నాలుగు రోజులు గడువివ్వండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మరో ఉత్తరం రాసి, విచారణ జరిపి, అప్పుడు శిక్షించండి. ఎవరూ కాదనరు.

ఆఫీసుల దాకా ఎందుకు? మన పనిమనిషిని మనం ఏ ఫారమూ అడగం. మూడు రోజులు జ్వరమొచ్చి రాకపోతే "నాటకాలు" అనేసి జీతం కోసేస్తాం. ఆ మెమోకి, ఈ మాటకి తేడా ఎంత?

అక్కడైనా ఇక్కడైనా మొదట అడగాల్సింది "ఎలా ఉన్నావు?" అని. "కాగితమేదీ?" అన్నది ఆ తర్వాత.