చేతి పని నేర్చుకుంటే పై చదువు ఆగిపోవాలా?



పది పాసైన మన పిల్లలకు ఊర్లో రెండు మాటలు వినపడతాయి. ఒకరు "ఐటీఐలో వేయండి, తొందరగా పని దొరుకుద్ది" అంటారు. ఇంకొకరు "మనోళ్లను ఎప్పుడూ పానా దగ్గరే ఉంచుతారు, డిగ్రీ చదివించండి" అంటారు. ఆ రెండో మాటలో ఉన్న కోపం న్యాయమైనదే. కానీ తప్పు పానాది కాదు. పని నేర్చినోళ్లకు పై చదువు దారి సరిగా లేకపోవడమే తప్పు.

చుట్టూ చూడండి. సారపాకలో పేపర్ మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం, మణుగూరులో సింగరేణి గనులు, పాల్వంచలో కేటీపీఎస్. వాటిలో ఫిట్టర్లుగా మనోళ్లు ఉండాలి, ఇంజనీర్లుగా కూడా ఉండాలి.

కొంత దారి ఇప్పటికే ఉంది. రెండేళ్ల ఐటీఐ ట్రేడ్ పాసై, కావాల్సిన మార్కులుంటే ఎల్‌పీసెట్ రాసి నేరుగా డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. ఇంటర్ ఒకేషనల్ వాళ్లకు బ్రిడ్జ్ కోర్సు ఉంది. ఈ సంగతి పదో తరగతిలోనే చెప్పేవాళ్లు ఎంతమంది?

2023లో కేంద్రం నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది. ఏడాదికి 1200 గంటల చదువుకు 40 క్రెడిట్లు. పుస్తకం చదువైనా, వృత్తి శిక్షణైనా పరీక్ష పెట్టి లెక్కలోకి తీసుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది. మన ఆశ్రమ హైస్కూల్ పిల్లల్లో ఎవరి ఖాతాలో పడ్డాయి?

అందుకే మనం భద్రాచలం ఐటీడీఏను అడగాల్సింది ఇది. కొన్ని ఆశ్రమ హైస్కూళ్లలో 9, 10 తరగతుల్లో ఎలక్ట్రికల్, వెల్డింగ్ లాంటివి నేర్పాలి. పాలిటెక్నిక్ సార్లే వచ్చి పరీక్ష పెట్టాలి. పాసైన పిల్లలు డిప్లొమాలో అదే వర్క్‌షాప్ పని మళ్లీ మొదటి నుంచి చేయకుండా, ఆ క్రెడిట్లు అక్కడ కలపాలి.

ఇంకోటి. క్రెడిట్లు ఇచ్చి లెక్కలు, ఇంగ్లీషు నేర్పకుండా వదిలేస్తే పిల్లలు మధ్యలోనే ఆగిపోతారు. ఎండాకాలం సెలవుల్లో ఈ రెండింటికీ కోచింగ్ కూడా కావాలి.

ఐటీడీఏకు వినతిపత్రం ఇద్దాం. అంతకంటే ముందు, మీ గూడెంలో పది పాసైన ప్రతి ఇంటికీ వెళ్లి ఎల్‌పీసెట్, ఈసెట్ సంగతి చెప్పండి. దానికి ఎవరి సంతకం అక్కర్లేదు.