ఓఆర్ఎస్ పేరుతో తీపి నీళ్లు

వాంతులు, విరేచనాలతో పసిబిడ్డ వాడిపోతుంటే ఇంటివాళ్లు మెడికల్ షాపుకు పరుగెత్తి ఓఆర్ఎస్ అడుగుతారు. ఏళ్ల తరబడి చాలామంది చేతికి వచ్చింది మాత్రం పొడి పొట్లం కాదు, పండ్ల రుచి కలిపిన డబ్బా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరు ద్రావణానికి గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఆ పేరు తగిలించుకున్న కొన్ని పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు ఉండేది. చక్కెర మితిమీరితే ఒంట్లోని నీరే పేగులోకి దిగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ ఏళ్లకేళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ పానీయాలపై ఆ పేరు వాడొద్దని చెప్పలేదు. ఇంత ఆలస్యానికి సంజాయిషీ ఎవరూ ఇవ్వలేదు. పేరు పోయినా డబ్బా పోదు, అడిగే అలవాటూ పోదు. నిజామాబాద్, బోధన్ మందుల దుకాణాల్లో ఓఆర్ఎస్ అడిగితే ఏది చేతికిస్తున్నారన్నదే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూడాలి.

చక్కెర పేరే ఊరి పేరైన బోధన్ శక్కర్‌నగర్ పక్కన చక్కెరను తప్పుపట్టడం వింతగానే ఉంటుంది. తప్పు చక్కెరది కాదు, పాళ్లది. ఉప్పుతో సరిపాళ్లలో కలిస్తే అదే చక్కెర నీటిని పేగు గోడ దాటించి ఒంటికి పట్టిస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలితే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ నీళ్లే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అంత చవకైన మందును పక్కనపెట్టి, జింకు మాత్రలు 14 రోజులు వేయడం మరిచి, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తే సరిపోతుందనుకుంటున్నాం. పొట్లం మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. గ్లాసెడు నీళ్లలో పెద్ద పొట్లం కలిపితే ఉప్పు మించి అదీ ప్రమాదమే. తల్లిపాలు ఆపకూడదు.

అసలు రోగం మొదలయ్యేది నల్లా దగ్గర. వానాకాలంలో మోరీలోంచి పోయే పైపుకు చిల్లు పడితే చాలు, మురుగు నల్లాలోకి చేరుతుంది. అందుకే క్లోరిన్‌ను ట్యాంకు దగ్గర కాదు, చివరి ఇంటి నల్లాలో కొలవాలి: లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. చెరకు కోతలకొచ్చి చేల దగ్గర గుడిసెలు వేసుకునే కుటుంబాలకు ఆ నల్లా కూడా ఉండదు. 6, 10, 14 వారాల్లో వేసే రోటావైరస్ టీకా చుక్కలు ఆ పిల్లలకు అందాయో లేదో చూసే బాధ్యత పనిచేసే ఊరిదా, సొంత ఊరిదా? ఎవరూ తేల్చకపోతే అవి ఎక్కడా అందవు.

కళ్లు లోపలికి పోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. బోధన్ అయినా నిజామాబాద్ అయినా, ఆ రాత్రే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి.