ర్యామ్ మార్చే ముందు.. లోపం పట్టండి!

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట.. ఊరేదైనా ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఈ మాట వినే ఉంటారు: 'ర్యామ్ పోయిందిరా, కొత్తది వేసేయ్'. విడిభాగాలు కొని సొంతంగా బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ ఆట మధ్యలో నీలి తెర చూపిస్తే, చాలామంది చెప్పే మొదటి సలహా ఇదే. 2025 మధ్య వరకు అలా మార్చేసినా పెద్దగా బాధ ఉండేది కాదు. ఇప్పుడు ర్యామ్ ధర చూస్తే గుండె ఝల్లుమంటోంది. యార్డులో మిర్చి టిక్కీలు అమ్మి నాన్న ఇచ్చిన డబ్బును ఊహ మీద ఖర్చు పెట్టే కాలం కాదిది. పైగా లోపాన్ని పద్ధతిగా పట్టుకునే నేర్పు డబ్బు మిగల్చడమే కాదు, హార్డ్‌వేర్ ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

ధర ఎందుకు పెరిగింది?

ప్రపంచంలో డీర్యామ్ చిప్పుల తయారీలో సింహభాగం మూడు కంపెనీలదే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీని కూడా ఇవే చేస్తాయి. దానిలో లాభం ఎక్కువ, పైగా అంతే మెమరీకి మామూలు ర్యామ్ కంటే ఎక్కువ సిలికాన్ పడుతుంది. దాంతో ఫ్యాక్టరీలు అటు మొగ్గాయి. 2025 అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐ తన స్టార్‌గేట్ ప్రాజెక్టు కోసం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ప్రాథమిక ఒప్పందాలు చేసుకుంది. అదే నెల 14న విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. ఇలాంటి కేంద్రాలన్నీ మెమరీని టన్నుల కొద్దీ మింగేవే.

డిసెంబర్ 3న మైక్రాన్ ఇంకో మాట చెప్పింది. మనం దుకాణాల్లో కొనుక్కునే 'క్రూషియల్' బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటామని, డేటా సెంటర్ల గిరాకీయే అందుకు కారణమని ప్రకటించింది. 32 జీబీ డీడీఆర్5 జత ధర కొన్ని నెలల్లోనే రెండు మూడు రెట్లయింది. 'పోతే పోయింది, ఇంకోటి కొందాం' అనుకునే వీలు అలా పోయింది.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుంది?

16 జీబీ స్టిక్‌లో సుమారు 13,700 కోట్ల బిట్లు ఉంటాయి. ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి డీడీఆర్4లో ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి దాన్ని మళ్లీ నింపాలి. ఇన్ని కోట్లలో ఒక్క బిట్ తారుమారైనా చాలు. అది ఆట కోడ్‌లో ఉంటే ఆట ఆగుతుంది, విండోస్ కోడ్‌లో ఉంటే నీలి తెర వస్తుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఉంటే మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఫైలే పాడవుతుంది. అసలు ప్రమాదం ఇదే. అందుకే పరీక్షలు మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో మరోచోటికో కాపీ చేసుకోండి.

గుర్తు పట్టడానికి ఒక సూచన. ఒకే ఆట, ప్రతిసారీ ఒకే చోట ఆగితే ముందు ఆ ఆటనో, డ్రైవర్‌నో అనుమానించండి. ఇవాళ ఆట, రేపు బ్రౌజర్, ఎల్లుండి జిప్ ఫైల్.. ఇలా తలోచోట తేడా వస్తుంటే మెమరీ వైపు చూడండి.

ఒక్కసారికి ఒక్క మార్పు

పొలంలో మోటారు నీళ్లు పోయకపోతే రైతు నేరుగా మోటారు మార్చేయడు. కరెంటు ఉందా అని చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, స్టార్టర్ చూస్తాడు, ఫుట్‌వాల్వ్ చూస్తాడు. ఇక్కడా అదే వరస.

మొదట బయోస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సెట్టింగులు పెట్టండి. డబ్బా మీద 6000 అని ఉన్నా, అది ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వచ్చే వేగం. ఒకరకంగా అది ఓవర్‌క్లాకింగే. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో అధికారికంగా చెప్పిన వేగం 5200. నాలుగు స్టిక్కులు పెడితే అది 3600కు పడిపోతుంది. ప్రొఫైల్ ఆపగానే సమస్య పోయిందంటే మీ ర్యామ్ చెడిపోయినట్టు కాదు, ఆ వేగం మీ ప్రాసెసర్‌కో, బోర్డుకో పడటం లేదని అనుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ చేయండి, తర్వాత 5600 దగ్గర ప్రయత్నించండి. ఆటలో తేడా మీకు పెద్దగా తెలియదు కూడా.

డిఫాల్ట్‌లోనూ తప్పులు వస్తుంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయండి. ఉచిత వెర్షన్ చాలు. నాలుగు పాస్‌లు పూర్తవడానికి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు పెట్టండి. 'ఒక్క ఎర్రరేగా' అని వదిలేయకండి. ఇక్కడ పాస్ మార్కు సున్నా తప్పులే.

తప్పు కనిపిస్తే కరెంటు పూర్తిగా ఆపి, ఒక స్టిక్ తీసేయండి. మిగిలినదాన్ని మదర్‌బోర్డు పుస్తకం సూచించిన స్లాట్‌లో (సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది) పెట్టి పరీక్షించండి. తర్వాత అదే స్లాట్‌లో రెండో స్టిక్. ఆ తర్వాత స్లాట్ మార్చి చూడండి. తప్పు స్టిక్ వెంటే తిరుగుతుంటే దోషం స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే బోర్డు మీద, ప్రాసెసర్ సాకెట్ మీద దృష్టి పెట్టాలి. విడివిడిగా రెండూ పాసై, కలిస్తేనే ఫెయిలైతే వేగం తగ్గించడమే మందు.

డీడీఆర్5 బోర్డుల్లో స్టిక్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉండొచ్చు. బోర్డు మెమరీకి తగ్గట్టు తనను సర్దుకుంటోందన్నమాట. 'చచ్చిపోయింది' అనుకుని మధ్యలో స్విచ్ కట్టేయకండి.

ధర ఎక్కువని పాత స్టిక్‌కు తోడుగా వేరే కంపెనీది ఒకటి కొని కలపాలనే ఆలోచన ఇప్పుడు చాలామందికి వస్తోంది. జతగా పరీక్షించి అమ్మినవి ఒక లెక్క, విడిగా కలిపినవి ఇంకో లెక్క. కుదరొచ్చు, కుదరకపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే మెమ్‌టెస్ట్ మీ కళ్లముందు ఒక పాస్ అయినా పూర్తయ్యాకే డబ్బు ఇవ్వండి.

నెపం ఎండ మీదేనా?

మన దగ్గర వేసవి ఎండకు మనుషులే వాడిపోతారు కాబట్టి కంప్యూటర్ క్రాష్ అయితే వేడిని తిట్టడం తేలిక. గూగుల్ తన సర్వర్లను రెండున్నరేళ్లు గమనించి, టొరంటో యూనివర్సిటీ పరిశోధకురాలితో కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ స్టిక్కుల్లో తప్పులు కనిపించాయి. అయితే ఉష్ణోగ్రత ప్రభావం అనుకున్నదానికంటే చాలా తక్కువని తేలింది. అవి ప్రామాణిక వేగంతో, చల్లటి హాళ్లలో నడిచే యంత్రాలని మరవకండి. ఎక్స్‌పో వేగంతో, మూసిన గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్లతో నడిచే మీ కంప్యూటర్‌కు అంత వెసులుబాటు ఉండదు. ఉదయం బాగుండి మధ్యాహ్నం మాత్రమే క్రాష్ అవుతుంటే ఫ్యాన్లు శుభ్రం చేసి, ప్రొఫైల్ ఆపి చూడండి.

మెమ్‌టెస్ట్ పాసైనా ఆటలు ఆగుతుంటే ర్యామ్‌ను వదిలేసి పవర్ సప్లై, ప్రాసెసర్ వైపు వెళ్లండి. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడే చాలామందికి 'వీడియో మెమరీ చాలడం లేదు' అనే సందేశం వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు మార్చినా పోలేదు. చివరికి దోషం ప్రాసెసర్‌కు అందే వోల్టేజీలో ఉందని ఇంటెల్ ఒప్పుకొని, మైక్రోకోడ్ సవరించి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. తెర మీద కనిపించే పేరే దోషి పేరు కానక్కర్లేదు.

దీనికీ ఉద్యోగానికీ ఏంటి సంబంధం?

ఇంతసేపూ చెప్పుకున్న పనికి పరిశ్రమలో పేరుంది: వ్యాలిడేషన్. చిప్ తయారయ్యాక రకరకాల వేగాలు, వోల్టేజీలు, ఉష్ణోగ్రతల దగ్గర అది ఎక్కడ తడబడుతుందో పట్టుకోవడమే ఆ ఇంజినీర్ల పని. మైక్రాన్, ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్.. అన్నింటికీ హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. మన రాష్ట్రానికి వస్తే, 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. దక్షిణ కొరియాకు చెందిన అపాక్ట్ సాంకేతిక సహకారంతో ఏఎస్ఐపీ సంస్థ పెట్టే ఈ యూనిట్ సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల చిప్పులు. ఇది ప్యాకేజింగ్ యూనిట్. ప్యాకేజింగ్ ఉన్నచోట టెస్టింగ్ కూడా ఉంటుంది.

రెజ్యూమెలో 'పీసీ బిల్డింగ్ వచ్చు' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. దాని బదులు ఒక పేజీ పట్టిక తయారుచేయండి. తేదీ, ఏ స్టిక్, ఏ స్లాట్, వేగం, వోల్టేజీ, గది ఉష్ణోగ్రత, ఎన్ని పాస్‌లు, ఎన్ని తప్పులు, దాన్నిబట్టి మీరేం అనుకున్నారు.. ఇవన్నీ అందులో ఉండాలి. 'కంప్యూటర్ అప్పుడప్పుడు క్రాష్ అవుతోంది, ఏం చేస్తావ్?' అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ కాగితమే మీ జవాబు. ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు దీనికి తోడు పైథాన్, లైనక్స్, డీర్యామ్ టైమింగుల ప్రాథమిక అంశాలు నేర్చుకుంటే పునాది గట్టిపడుతుంది.

అదే పట్టిక వారంటీకీ పనికొస్తుంది. చాలా ర్యామ్ బ్రాండ్లు పరిమిత జీవితకాల వారంటీ ఇస్తాయి. బిల్లు దాచుకోండి, మెమ్‌టెస్ట్ తెరను ఫొటో తీయండి, జతగా కొన్నవాటిని సాధారణంగా జతగానే పంపమంటారు కాబట్టి రెండూ సిద్ధంగా పెట్టుకోండి. వారంటీ ఉండగా కుదరదని తిప్పి పంపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొత్త స్టిక్‌కు డబ్బు కట్టడం అన్నిటికంటే చివరి మెట్టు. ఈ రాత్రికి ముందు మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి.