పశువుకు నొప్పి సూది: పుండు సంగతి ఎవరు చెప్పాలి?

ఎద్దు కుంటితే నొప్పి సూది. బర్రె ఈనినాక లేవకపోతే నొప్పి సూది. మేకకు జ్వరం వచ్చినా అదే. పరిగి, వికారాబాద్, తాండూరు పల్లెల్లో మనకు అలవాటైన వైద్యం ఇది. సూది పడగానే పశువు లేచి నిలబడుతుంది. అందుకే రేపు, ఎల్లుండి కూడా వేయిస్తాం. అది లోపల చేసే పని మాత్రం మనకు చెప్పేవాళ్ళు లేరు.

ఆవు, బర్రె, మేక, గొర్రెల పొట్టలో నాలుగు అరలుంటాయి. ఆమ్లం ఊరేది నాలుగో అరలో. అక్కడి నుంచి చిన్నపేగు మొదటి భాగంలోకి దిగుతుంది. ఆ గోడలను జిగురు పొర, క్షార రసం, రక్తప్రసరణ కాపాడతాయి. ఈ కాపలాను నడిపేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పిని, వాపును పెంచేవీ అవే. మందు వాటిని అణిస్తే నొప్పి తగ్గుతుంది, కాపలా కూడా పోతుంది. అప్పుడు ఆమ్లం గోడనే తింటుంది. ఎలుకలపై చేసిన పరిశోధనల్లో ఆమ్లం ఊరకుండా ఆపితే ఇలాంటి పుండ్లు తగ్గాయి.

గోళీ కాదు, సూదే కదా అనుకోవద్దు. మందు రక్తంలో కలిసి పనిచేస్తుంది. మేత ముట్టని, నీళ్ళు తాగని పశువుకు, స్టెరాయిడ్ కూడా కలిపి వేసిన పశువుకు ముప్పు ఎక్కువ. పేడ తారులా నల్లబడటం, పళ్ళు కొరకడం, కనురెప్పల లోపల పాలిపోవడం గుర్తులు. మనం వాడే గ్యాస్ గోళీ మింగిస్తే సరిపోతుందన్న భరోసా లేదు. నెమరు వేసే పశువు పెద్ద పొట్ట దాటేలోపే అది చాలావరకు పాడవుతుంది.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో కేంద్రం నిషేధించింది. ఆ మందులు పడ్డ కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడమే కారణం. నిషేధం సరైనదే. కానీ రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ కూడా మోతాదు మించితే పశువు పొట్టకు హాని చేయగలదు. ఈ మాట రైతు దాకా రావాలి.

నొప్పి మందే వద్దని మేం అనడం లేదు. నొప్పితో పశువును పడుకోబెట్టడమూ తప్పే. డాక్టరు దొరకనప్పుడు రైతు మందుల దుకాణానికే పోతాడు, ఆ తప్పు రైతుది కాదు. అందుకే అడుగుతున్నాం: ప్రతి మండలంలో పశువైద్యుడు అందుబాటులో ఉండాలి. 1962కు ఫోన్ చేస్తే బండి వేళకు రావాలి. వేసిన మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులో తెలుగులో చీటీ రాసివ్వాలి.

అంతవరకు సూది వేసే ప్రతి చేతినీ అడుగుదాం: ఇది ఏ మందు? నిన్న ఏం వేశారు? ఇంకెన్ని రోజులు?