అంగడి కెక్కిన రోగి రహస్యము

రోగి దాపరికము లేక వైద్యునితో చెప్పుకొన్న మాట మూడవ చెవిని బడరాదనుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన నీతి కాదు. ఊరి నాటువైద్యుడు సైతము దానిని పాటించెను. ఆ నీతికి నేడు పట్టిన గతి యేమి? 2024వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన రాయిటర్సు వార్తాసంస్థ వెల్లడించిన సంగతిని చదివినవారికి గుండె ఝల్లుమనక మానదు. చెన్నపట్టణమున ప్రధాన కార్యాలయము గల స్టార్ హెల్త్ బీమా కంపెనీ ఖాతాదారుల పాలసీ కాగితములు, రోగనిర్ణయ పత్రములు, రక్తపరీక్షల ఫలితములు టెలిగ్రాము ద్వారా అడిగినవానికెల్ల లభించుచుండెనట! అందొక పత్రము ఏడాది పసిబిడ్డ చికిత్సకు సంబంధించినది. 3 కోట్ల 10 లక్షల మంది వివరములు తన చేత నున్నవని తస్కరుడు చాటుకొనెను.

కంపెనీవారు మొదట నేమనిరి? విస్తారమైన నష్టమేమియు కలుగలేదనియు, ఖాతాదారుల సున్నితమైన వివరములు భద్రముగానే యున్నవనియు ననిరి. అక్టోబరు వచ్చునప్పటికి తాము సైబరు దాడికి లోనైతిమనియు, కొన్ని వివరములు అక్రమముగా పరుల చేత బడినవనియు నొప్పుకొనిరి. తస్కరుడు 68 వేల డాలర్లు కోరెననియు దెలిపిరి. వానిపైనను టెలిగ్రాముపైనను మదరాసు హైకోర్టున దావా వేసిరి. వేయవలసినదే, కాదనము. దొంగ దొంగయే. కాని జీతము పుచ్చుకొని కావలియున్నవాడు, ఇల్లు దోపిడియైన పిమ్మట, దోపిడికి గురియైనవాడను నేనేయని వాకిట గూర్చుండి విలపించిన, ఆ యింటివారి కేమి చెప్పవలయును?

పట్నవాసుల పాలసీల గొడవతో రాయదుర్గమువారి కేమి పని యని యడుగువా రుందురు. ఇదే కంపెనీతో ఈ సీమకు పాతబంధుత్వము కలదు. 2007వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ తొలుదొల్త నారంభమైనది అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో. నాడు ప్రభుత్వము ప్రీమియము చెల్లించి పేదల చికిత్సాభారము నప్పగించినది ఈ స్టార్ హెల్త్ వారికే. ఆ పథకమువలన బ్రతికి బయటపడినవారు మన పల్లెలలో కొల్లలు. ఆ మేలును మరచువారము కాము. నాటి కాగితములు 2024లో తస్కరుని పాలైనవనియు మే మనుట లేదు. మేమనునది వేరు. వేరుసెనగ యెండి అప్పులపాలైన రైతు, జీన్సు షెడ్డులలో దినమెల్ల మిషను ద్రొక్కు స్త్రీ, తమ రోగమును వేలిముద్రతో సహా ఎవరి చేతిలో బెట్టుచున్నారో వారికి దెలియదు. తెలియజెప్పినవారును లేరు.

కంపెనీలను మాత్రమే నిందించి ప్రభుత్వమును విడిచిపెట్టుట న్యాయము కాదు. 2017 మే నెలలో బెంగుళూరునందలి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారు ప్రకటించిన నివేదికను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులలో సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు, 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు బహిరంగముగా బడియున్నవని వారు లెక్క వేసిరి. ఆ నాలుగింట రెండు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువి. ఒకటి ఉపాధిహామీ కూలి చెల్లింపుల పట్టిక. రెండవది అసంఘటిత కార్మికులకై పెట్టిన చంద్రన్న బీమా. కన్నము వేసిన దొంగ యెవడును లేడు, తలుపులు బార్లా తెరచినవారు కావలివారే! మరుసటి యేడు జూనులో ప్రభుత్వపు అన్న సంజీవిని దుకాణములలో నెవరెవ రే మందు కొనిరో పేర్లతోను ఫోను నంబర్లతోను వెబ్‌సైటున గానవచ్చెను. మగతనపు మందు కొన్నవాని పేరును దాచలేదు. ఇంతకన్న మానహాని యేమి యుండును?

పేదవాడు దాచుకొనదగిన దేమున్నదని కొందరు పెద్దలు నవ్వుదురు. ఈ నవ్వును మేము క్షమింపజాలము. ధనవంతుని రహస్యము బయటపడిన నతనికి వకీలు కలడు, వేరొక బ్యాంకు కలదు. క్షయ కలదని తెలిసిన షెడ్డు మేస్త్రి రేపటినుండి పనికి రావలదన్నచో కూలిదాని కేమున్నది? గర్భస్రావమైన సంగతి పొక్కిన పెండ్లికూతురి గతి యేమి? ఇక మోసగాండ్ర మాట వేరే చెప్పవలయునా! రోగము పేరు, ఆసుపత్రి పేరు, బిల్లు మొత్తము తప్పులేక చెప్పి, క్లెయిము సొమ్ము వచ్చినది, ఓటీపీ చెప్పుడని ఫోనులో నడిగిన, నమ్మనివా డెవడు? బ్యాంకు కార్డు పోయిన మరియొకటి తెచ్చుకొనవచ్చును. జన్మతేదీని, వేలిముద్రను, పడిన వ్యాధిని మార్చుకొనుట యెట్లు? వేదవతి యిసుక దర్గాహొన్నూరు పొలములపై మేటలు వేయుట చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. గాలి చెదరగొట్టిన యిసుకను మరల నేటిలోనికి దెచ్చినవా డెవడు?

చట్టము లేదా యందురా? కలదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా దీర్పు చెప్పిరి. ఆరేండ్లు గడచిన పిమ్మట 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. వివరములను కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా యని దండోరా వేసిరి. వినుటకు ఘనముగానే యున్నది. ఆ సొమ్ము చేరునది మాత్రము కేంద్రప్రభుత్వపు సంచిత నిధికి! నష్టపోయినవానికి చిల్లిగవ్వ యేర్పాటు లేదు. పైగా, అజాగ్రత్తవలన నష్టపోయినవానికి కంపెనీ పరిహార మీయవలెనను సమాచార సాంకేతిక చట్టపు 43-ఏ సెక్షనును తొలగించుటకు ఈ చట్టమే వ్రాసికొన్నది. అక్కరకు మాలిన ఫిర్యాదు చేసిన పౌరునికి 10 వేల రూపాయలవరకు జరిమానా విధించుటను మాత్రము మరువలేదు. పశువు పోయినది రైతుది, తప్పు సొమ్ము సర్కారుది!

ఇంకొక విచిత్రము. నియమములను ప్రకటించినది 2025 నవంబరులో. కంపెనీల ముఖ్యబాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు, అనగా 2027 మే వరకు, ఇచ్చిరి. కాని ఇదే చట్టము సమాచారహక్కు చట్టమునకు చేసిన సవరణను నాడే యమలు పరచిరి. వ్యక్తిగతమను పేరుతో అధికారుల కాగితములను ప్రజలకు మూసివేయుటకు ఒక్క దినము గడువక్కరలేకపోయెను. రోగి కాగితములకు తాళము వేయుటకు మాత్రము ఏడాదిన్నర!

అన్యదేశములలో నిట్లు జరుగదా యనిన, జరుగును. అమెరికాలో ఆంథెమ్ బీమా కంపెనీ 2015లో 7 కోట్ల 88 లక్షల మంది వివరములను పోగొట్టుకొనెను. అచ్చటి ఖాతాదారులు కూడి దావా వేయగా 2017లో 11 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరెను. తలకు వచ్చిన మొత్తము స్వల్పమే కావచ్చును. కాని నష్టపోయినది తామేయని చెప్పుకొనుటకు వారికి న్యాయస్థానమున చోటు దొరకినది.

కావున మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను మే మడుగునది యిది. నష్టపోయినవానికే పరిహారము ముట్టునట్లు చట్టమును సవరింపుడు. వివరములు పోయిన ప్రతివానికి ఆ సంగతి తెలుగులో, వానికి బోధపడు మాటలలో తెలుపుడు. చికిత్స ముగిసి లెక్క తీరిన పిమ్మట అక్కరలేని కాగితములను చెరిపివేయుడు. ఆసుపత్రి బల్లమీద ఇంగ్లీషు ఫారముపై గుడ్డిగా వేలిముద్ర వేయించుకొనుటను సమ్మతి యనుట మానుడు.

పాఠకులు అంతవరకు వేచియుండ నక్కరలేదు. జిరాక్సు దుకాణమున చెడిన ఆధారు ప్రతిని అచ్చటనే విడిచి రావలదు, చింపివేయుడు. ఆధారు వేలిముద్రలకు తాళము వేయు సదుపాయము కలదు, చదువుకొన్న పిల్లలచే వేయించుకొనుడు. బీమావారమని ఫోను చేసి ఓటీపీ యడిగినవా డెవడైనను మోసగాడే. సొమ్ము పోయిన తోడనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. జాగు చేసినకొలది తిరిగి దొరకుట కష్టము.